ముందే ఎరిగిన కణాలు

నమోదు 1, సోమవారం

అంకెలన్నీ యంత్రాలు రాసుకుంటాయి. ఈ దినచర్యలో మేం రాయవలసింది ఒక్కటే: ఇవాళ నిన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటి? డాక్టర్ సలోమి గారు ఈ ఆసుపత్రికి వచ్చిన వారంలోనే పెట్టిన నియమం ఇది. ఆశ్చర్యం లేకపోతే 'ఏమీ లేదు' అని రాసి ఇంటికి వెళ్ళిపోవచ్చు. పోయిన నెలంతా నేను అదే రాశాను.

ఇవాళ ఉంది.

పొద్దున్నే గాలికి మా భవనం బాగా ఊగింది. సముద్రం వచ్చి కొల్లేటిలో కలిశాక నీటి మీద కట్టిన ఆసుపత్రి కదా, ఈదురుగాలి వీస్తే గిన్నెల్లో నీళ్ళు అంచుదాకా వస్తాయి. అందుకని వస్తూనే పరిచయ గదికి పరుగెత్తాను. రోగుల చిగుళ్ళు అక్కడే ఉంటాయి. మనిషి చర్మం నుంచి, పేగు నుంచి, కాలేయం నుంచి చిటికెడంత తీసి గాజు పళ్ళెంలో పెంచితే వచ్చే మెత్తటి ముద్దలవి. ఒక్కొక్కటి కందిగింజంత ఉంటుంది. పొద్దునా సాయంత్రం వాటికి ఆహారం పెట్టడం, నీరు మార్చడం నా పని.

అసలు పని వేరే ఉంది. రక్త కేన్సర్ రోగికి దాత కణాలు ఎక్కించే ముందు వాటిని ఈ చిగుళ్ళ మధ్య వదులుతాం. పరాయి ఒంటిని చూసి అవి తిరగబడతాయా, సర్దుకుపోతాయా అన్నది ఇక్కడే తేలిపోతుంది. తిరగబడేవాటిని ఏరేస్తాం. మా అమ్మమ్మ కాలంలో ఈ పరీక్ష మనిషి ఒంట్లోనే జరిగేదట. కొత్త రక్తం జబ్బును చంపేది, అంతటితో ఆగక మనిషి చర్మాన్నీ పేగునీ కూడా తినేసేదట. ఇప్పుడు ఆ దెబ్బ చిగురు తింటుంది.

ఈ వారం పెద్దిరాజు గారి చిగుళ్ళకు ఆయన చెల్లెలు రత్నం గారి కణాలను పరిచయం చేస్తున్నాను. పెద్దిరాజు గారు పంటు సరంగు. నీటి వీధుల మధ్య జనాన్నీ బియ్యం బస్తాలనూ చేరవేసే పెద్ద పంటును నడిపేది ఆయనే. నలభై దాటాయి. మందులతో కేన్సర్ అణిగింది కానీ పోలేదు. రత్నం గారు నీటి బడిలో లెక్కల టీచరు, ఆయన తరవాతి కాన్పు. అన్నాచెల్లెళ్ళ కణాల గుర్తులు పూర్తిగా కలిశాయి. ఇంతకంటే మంచి జత దొరకదనుకున్నాం.

నిన్న సాయంత్రం కణాలు వదిలాను. కొత్త ఒంటిని చూసిన కణాలు మామూలుగా వారం పాటు అటూ ఇటూ తిరుగుతాయి, ఆ తరవాతే ఏదో ఒకటి తేల్చుకుంటాయి. పొద్దున మూత తీసేసరికి చర్మం చిగురూ పేగు చిగురూ వాడిపోయి ఉన్నాయి.

ఇవి తేల్చుకోవడానికి ఆగలేదు. చూడగానే మీదపడ్డాయి.

నమోదు 2, బుధవారం

వాడిపోయిన చిగుళ్ళను సలోమి గారు చాలాసేపు చూశారు.

"ఉప్పుగాలి తగిలి ఉంటుంది హైమా. మళ్ళీ పెట్టు," అన్నారు.

మళ్ళీ పెట్టాను. ఈసారి రెండు మూతలు వేశాను. మళ్ళీ అదే జరిగింది.

"ఇంత తొందర ఉందంటే జ్ఞాపకం ఉన్నట్టే మేడమ్," అన్నాను. "ఈ కణాలు పెద్దిరాజు గారిని ఇంతకు ముందే చూశాయి."

"ఎక్కడ చూస్తాయి? ఆవిడకి ఆయన రక్తం ఎప్పుడైనా ఎక్కించారా?"

"లేదు. అడిగాను."

"అయితే ఆయన్ని కాదు, ఆయనలాంటిదాన్ని దేన్నో చూశాయి. ఆ దేన్నో కనుక్కో."

మా చలిపెట్టెలో పాత రోగులు వదిలి వెళ్ళిన చిగుళ్ళున్నాయి. వాటిలో రత్నం గారి గుర్తులతో కలిసేవి ఏడెనిమిది ఏరి, పేర్లు చూడకుండా వరసగా పెట్టి, అన్నిటిలోనూ ఆవిడ కణాలు వదిలాను. ఇంటికి వెళ్ళే పంటులో ఎవరు పలకరించినా సరిగా జవాబివ్వలేకపోయాను. మనసంతా ఆ మూతల కిందే ఉంది.

నమోదు 3, గురువారం

సగం వాడిపోయాయి. సగం పచ్చగా ఉన్నాయి. అప్పుడు పేర్లు చూశాను. వాడినవన్నీ మగవాళ్ళవి. ఆడవాళ్ళ చిగుళ్ళను ఒక్క కణం కూడా ముట్టుకోలేదు.

మగవాడి ప్రతి కణం మీదా ఆడవాళ్ళలో లేని గుర్తు ఒకటుంటుంది. రత్నం గారి కణాలు వెతికేది ఆ గుర్తునే.

అర్థమైనందుకు సంతోషం వేసింది. ఆ సంతోషం సలోమి గారి గది దాకా కూడా నిలవలేదు. పెద్దిరాజు గారి కేన్సర్ కణాలు కూడా మగవే. జబ్బును కొట్టేదీ ఇవే, పేగును కొట్టేదీ ఇవే. వీటిని ఏరేస్తే ఆయన చర్మం బాగుంటుంది, జబ్బు తిరిగొస్తుంది. ఉంచితే జబ్బు పోతుంది, ఆయనా పోతారు.

"వేరే దాత?" అన్నాను.

"వెతికాం. కలిసేవాళ్ళు లేరు," అన్నారు సలోమి గారు. "నిన్నటి మజ్జ పరీక్షలో జబ్బు మళ్ళీ తల ఎత్తింది. ఇంకోసారి మందులిస్తే ఒక నెల ఆగుతుందేమో. ఆ నెల నీది. అప్పటికీ దారి దొరక్కపోతే కోపిష్టివాటిని ఏరేసి మిగతావి ఎక్కిస్తాను. తరవాత ఏమైతే అది."

సాయంత్రం పెద్దిరాజు గారి గదికి వెళ్ళాను. కిటికీలోంచి తన పంటును ఇంకెవరో నడుపుతుంటే చూస్తున్నారు.

"సూడండి, మలుపులో ఎంత ఎడంగా తిప్పుతున్నాడో. పక్కింటోళ్ళ అరుగులన్నీ గీరేత్తాడు," అన్నారు. తరవాత నా మొహం చూశారు. "ఏంటండి, మా సెల్లి రత్తం పనికిరాదా?"

"పనికొస్తుంది. కాస్త కోపం ఎక్కువ. నెమ్మది నేర్పాలి."

"మరేనండి. సిన్నప్పట్నించీ అంతే," అని నవ్వారు.

నమోదు 4, శుక్రవారం

(ఇవాళ ఇక్కడ 'ఏమీ లేదు' అని మాత్రమే రాశాను. మిగతాది రత్నం గారు ఒప్పుకున్నాక, చాలా రోజుల తరవాత రాశాను.)

రత్నం గారు బడి వదలగానే వచ్చారు. వేళ్ళకు ఇంకా రంగు సుద్ద ఉంది. వెనక వసారాలో నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాం.

"మీకు పిల్లలు లేరని చెప్పారు," అన్నాను.

"లేరండి."

"ఎప్పుడైనా కడుపు నిలిచి, పోవడం లాంటిది..."

"లేదండి."

నా మాట పూర్తికాకముందే వచ్చిన జవాబు. నేను రెట్టించలేదు. నాకు తెలిసినదంతా చెప్పాను: వాడిన చిగుళ్ళు, పచ్చగా మిగిలినవి, మగ గుర్తు. ఇంకో దారి ఉండవచ్చని కూడా చెప్పాను. అమ్మ కడుపులో ముందు అన్నగారున్నారు. ఆయన కణాలు కొన్ని అమ్మ ఒంట్లో ఉండిపోయి, తరవాత వచ్చిన చెల్లెల్లోకి చేరి ఉండవచ్చు. అలా జరుగుతుంది.

ఆవిడ కుతూహలంగా ముందుకు వంగారు. "అంటే పుట్టకముందే మా అన్నయ్య నాకు తెలుసన్నమాట."

"మీ కణాలకు తెలుసు."

"మరి తెలిసినవాడి మీద పడి కొట్టడమేంటండి? లెక్క కుదరట్లేదు."

నిజమే, కుదరదు. ఆ ముక్కే చెప్పాను. "పుట్టకముందు కలిసినదాన్ని ఒళ్ళు తనదేనని నేర్చుకుంటుంది. అలా వచ్చిన జ్ఞాపకం మెత్తగా ఉండాలి. మా పళ్ళెంలో ఉన్నది మెత్తగా లేదు. పెద్దయ్యాక వచ్చింది. ఒక మగబిడ్డను మోసిన తల్లుల ఒళ్ళు ఆ గుర్తును పరాయిదిగా నేర్చుకుని..."

అక్కడ ఆగిపోయాను.

ఆవిడ చూపు నీళ్ళ మీదికి మళ్ళింది. అప్పుడు అడిగారు.

"మగపిల్లాడా?"

తల ఊపాను.

"నాకు తెలీదండి. నాలుగో నెల. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఆడో మగో తెలిసేంత టైం లేదు." సుద్ద అంటిన వేళ్ళను చీరకు తుడుచుకున్నారు. "ఖాయమేనా?"

"దాదాపు ఖాయం."

పెద్ద తుఫాను నాటి సంగతి. దిగువ వీధులు తెగిపోతుంటే పెద్దిరాజు గారు పంటు నిండా జనాన్ని ఎక్కించుకుని ఎగువకు తెచ్చారు. రత్నం గారూ అందులోనే ఉన్నారు. ఒక కుదుపుకు ఇనుప కమ్మీ మీద పడ్డారు. నొప్పి మొదలైంది. చెబితే అన్నయ్య పంటును దగ్గరలో ఉన్న ఆసుపత్రి పడవ వైపు తిప్పుతాడని ఆవిడకు తెలుసు. తిప్పితే గాలికి ఎదురు వెళ్ళాలి, అంతమంది పిల్లలతో. పళ్ళు బిగపట్టి కూర్చున్నారు. ఒడ్డుకు చేరాక భర్తకు ఒక్కడికే చెప్పారు. ఆయన రెండేళ్ళ తరవాత జ్వరంతో పోయారు.

"ఆ రోజు ఒక్కళ్ళు కూడా పోకుండా తెచ్చానని అన్నయ్య ఇప్పటికీ చెప్పుకుంటాడండి. వాడి జీవితంలో గొప్పగా చెప్పుకునేది అదొక్కటే. ఇప్పుడు నేను వెళ్ళి, కాదు ఒకడు పోయాడు అని ఎలా చెప్పను?"

"చెప్పక్కర్లేదు. సలోమి గారికి మాత్రం చెప్పాలి."

"ఆవిడకి చెప్పండి. అన్నయ్యకి వద్దు."

లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగారు. "ఇందాక మెత్తటి జ్ఞాపకం అన్నారు కదా, పుట్టకముందుది. అది కూడా నాలో ఉంటుందా?"

ఆ ప్రశ్న నాకెందుకు రాలేదో తెలియదు.

నమోదు 5, మంగళవారం

ఉన్నాయి!

మీదపడేవాటిని పక్కకు తీసి, మిగిలినవాటిని మగ చిగురు దగ్గర వదిలి కళ్ళు నొప్పిపెట్టేదాకా చూశాను. ఎక్కువ భాగం పట్టించుకోకుండా పోయాయి. కొన్ని మాత్రం చిగురు అంచుకు చేరి, అక్కడే కూర్చున్నాయి. కొట్టలేదు, వదిలి వెళ్ళలేదు. ఆడ చిగురు దగ్గర పెడితే కూర్చోలేదు. అంటే వీటికి కూడా ఆ గుర్తే తెలుసు, కానీ మరో విధంగా. ఒక కోపిష్టిదాన్ని తెచ్చి పక్కన వదిలితే అది రెండడుగులు వేసి నెమ్మదించింది. ఎలా నెమ్మదించిందో అర్థం కాలేదు. మూడుసార్లు చేసి మూడుసార్లూ చూశాను.

వీటికి మెత్తనివని పేరు పెట్టాను. చాలా కొద్దిగా ఉన్నాయి. పెంచాలి.

సలోమి గారు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు.

నమోదు 6, మరుసటి బుధవారం

మెత్తనివి బాగా పెరిగాయి. ఇవాళ అసలు పరీక్ష. ఒకే పళ్ళెంలో పేగు చిగురు, పెద్దిరాజు గారి నుంచి తీసి దాచిన కేన్సర్ కణాలు, రత్నం గారి కోపిష్టి కణాలు, మెత్తనివి అన్నీ కలిపాను.

పేగు చిగురు పచ్చగా ఉంది. కేన్సర్ కణాలు కూడా హాయిగా ఉన్నాయి.

మెత్తనివి అందరినీ కాపాడాయి. జబ్బును కూడా.

"ఇది ఊహించాల్సిందే," అన్నారు సలోమి గారు. "కాపలావాడికి దొంగెవడో దొరెవడో ఏం తెలుస్తుంది?"

పళ్ళేలకు నీరందించే పంపు మొరాయిస్తే దాన్ని విప్పి, ఉప్పు గీకి, మళ్ళీ బిగించాను. చేతులకు పని ఉంటే కాస్త నయంగా ఉంది. పెద్దిరాజు గారి మందు అయిపోవస్తోంది. ఇవాళ ఆయన కిటికీ దగ్గరికి రాలేదు.

నమోదు 7, ఆదివారం

పంపు గొట్టాలు బిగిస్తున్నప్పుడు వచ్చిన ఆలోచన ఇది. మనిషి ఒళ్ళు ఒకే పళ్ళెం కాదు కదా. పేగు ఒకచోట, చర్మం ఒకచోట, జబ్బు పుట్టే ఎముక మజ్జ ఒకచోట. నేను అందరినీ ఒకే గదిలోకి తోసి, మీరెక్కడ ఉంటారో చెప్పండి అన్నట్టు చేశాను.

మూడు పళ్ళేలను సన్న గొట్టాలతో కలిపాను. ఒకదానిలో చర్మం, ఒకదానిలో పేగు, మూడోదానిలో మజ్జ చిగురు పెట్టి, అందులో కేన్సర్ కణాలు కలిపాను. ముందు మెత్తనివాటిని వదిలి, ఎక్కడికి వెళతాయో చూద్దామని రెండు రోజులు ఆగాను. చర్మానికి వెళ్ళాయి, పేగుకు వెళ్ళాయి. మజ్జ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. దాదాపు ఒక్కటి కూడా లోపల ఉండలేదు. ఎందుకు? నాకు తెలియదు. సలోమి గారికీ తెలియదు. మజ్జలో వాటికి కావలసింది ఏదో లేదు. అదేమిటో కనుక్కోవడానికి నా మిగతా ఉద్యోగమంతా పట్టినా ఫరవాలేదు.

ఆ తరవాత కోపిష్టివాటిని కొద్దిగా వదిలాను. అవి అన్నిచోట్లకూ వెళ్ళాయి. చర్మం దగ్గరా పేగు దగ్గరా మెత్తనివి ఎదురై ఆపాయి. మజ్జలో ఆపేవాళ్ళు లేరు.

ఇవాళ పొద్దున మజ్జ చిగురులో కేన్సర్ కణం కనిపించలేదు. ఆ చిగురు కూడా వాడింది, కానీ ఆయన పాత మజ్జను ఎలాగూ ఖాళీ చేసి కొత్తది నింపుతాం. పేగు పచ్చగా ఉంది. చర్మం అంచున చిన్న మచ్చ, అంతే.

సలోమి గారిని పిలవడానికి వసారా పొడుగునా పరుగెత్తాను. ఆసుపత్రి ఊగింది. గాలి వల్ల కాదు, నా వల్లే అని నర్సులు నవ్వారు.

నమోదు 8, గురువారం

పెద్దిరాజు గారికి చెప్పాం. చిక్కిపోయారు, కానీ శ్రద్ధగా విన్నారు.

"అంటే ముందు పెద్దమనుసులొచ్చి కూకుంటారు. తరవాత కుర్రోళ్ళు వత్తారు. గొడవ జరక్కుండా. అంతేనా అండి?"

"అంతే."

"ఇద్దరూ మా సెల్లి ఒంట్లోంచేనా?"

"ఇద్దరూ. పళ్ళెంలో కుదిరింది మీ ఒంట్లో కుదురుతుందని మాటివ్వలేం," అన్నారు సలోమి గారు. "కుదరకపోతే చాలా బాధపడతారు."

"ఆయ్. కానీయండి. కూకుని సూత్తంటే పంటు గీసుకుపోతంది."

పక్కనే రత్నం గారున్నారు. ఆయన ఆవిడ వైపు తిరిగి, "ఇంతకీ నీకు కుర్రోళ్ళు ఎక్కడ్నించొచ్చారే అంత కోపంగా?" అన్నారు. తమాషాకే అన్నారు. ఆవిడ దుప్పటి సర్దుతూ ఉండిపోయారు.

నమోదు 9, సోమవారం

పాత మజ్జను మందులతో పూర్తిగా ఖాళీ చేశారు. ఇవాళ మెత్తనివి ఎక్కించాం. చిన్న సంచీ, లేత పసుపు రంగు. రత్నం గారు తలుపు అద్దం అవతల నిలబడి చూశారు.

పరిచయ గదిలో పెద్దిరాజు గారి చిగుళ్ళకు మామూలుగానే ఆహారం పెట్టాను. ఇక వాటితో పని లేదు. అయినా చేతులు ఆగలేదు.

నమోదు 10, శుక్రవారం

ఇవాళ మిగతావి ఎక్కించాం. మజ్జను మళ్ళీ నిలబెట్టే మూల కణాలు, వాటితోపాటు కోపిష్టివి కొన్ని. ఎన్ని ఉంచాలన్న దగ్గర సలోమి గారూ నేనూ వాదించుకున్నాం. నేను ఎక్కువ అన్నాను. ఆవిడ సగం చేశారు.

నమోదు 11

వారం పేర్లు రాయడం మానేశాను. జ్వరం వచ్చింది, తగ్గింది. నోరంతా పూసింది, నాలుగు రోజులు మంచినీళ్ళు కూడా మింగలేకపోయారు. కొత్త రక్తం చిగురించడం మొదలైంది. మేం భయపడింది పేగు గురించి. పేగు ఊరుకుంది.

ఇవాళ ముంజేతుల మీద ఎర్రటి దద్దుర్లు వచ్చాయి. దురదట. సలోమి గారు వాటిని వేలితో నొక్కి చూసి, లేపనం రాయమని చెప్పి బయటికి వచ్చి గోడకు ఆనుకున్నారు.

"ఇంతేనా?" అన్నారు. "ఇంతే అయితే బాగుండు."

నమోదు 12

ఇంతే.

మజ్జ పరీక్ష వచ్చింది. జబ్బు కనిపించలేదు. మూడు రకాలుగా వెతికాం. ఆయన ఒంట్లో ఇప్పుడు తిరుగుతున్నది పూర్తిగా చెల్లెలి రక్తం. దద్దుర్లు చేతులు దాటి పోలేదు.

నమోదు 13

లేపనం రాయడానికి వెళ్ళేసరికి రత్నం గారు మంచం పక్కన కూర్చుని ఉన్నారు. పెద్దిరాజు గారు నన్నే అడిగారు.

"హైమ గారూ, ఒకటి సెప్పండి. అన్నాసెల్లెళ్ళం, అన్నీ కలిసాయన్నారు. మరి నెల రోజులు ఎందుకు ఆపారు? ఆ కోపం దేనికి?"

"అది నేను చెప్పాల్సింది కాదండీ," అన్నాను.

ఆయన చెల్లెలి వైపు చూశారు. నేను లేచాను. "మీరు ఉండండి," అన్నారు రత్నం గారు. "మధ్యలో నాకు తెలియనిది అడుగుతాడు."

చెప్పారు. తుఫాను రోజు, ఇనుప కమ్మీ, నాలుగో నెల, అన్నీ. పిల్లలకు లెక్క చెప్పినట్టు ఒక్కొక్క మెట్టూ చెప్పారు. ఆయన మొదట ఆపబోయారు, తరవాత మెదలకుండా విన్నారు. అంతా అయ్యాక మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు.

"ఒక్కమాట సెప్తే తిప్పేవోడినే," అన్నారు.

"తెలుసు అన్నయ్యా. అందుకే చెప్పలేదు."

"ఒక్కళ్ళు కూడా పోలేదని ఊరంతా సెప్పుకు తిరిగాను."

"చెప్పుకో. తెచ్చావు కదా అందరినీ."

అప్పుడు ఆయన నా వైపు తిరిగారు. "ఆ పిల్లోడి గుర్తున్న కణాలు, ఆ కోపిష్టియ్యి, ఏరి పారేసారా?"

"లేదు. కొన్ని మీలోకే ఎక్కించాం."

"నాలోనా?"

"మీ జబ్బును చంపింది ఎక్కువగా అవే. చర్మాన్నీ పేగునూ కాపాడినవి వేరే. మీరు ముందు పుట్టారు కాబట్టి మీ చెల్లెలికి వచ్చినవి."

ఆయన తన రెండు చేతులూ ఎత్తి, తిప్పి తిప్పి చూసుకున్నారు. ఎర్రటి దద్దుర్లు మోచేతి దాకా ఉన్నాయి.

"అయితే ఈ దురద?"

"అది కూడా వాటి పనే."

ఏడుస్తారనుకున్నాను. నవ్వారు. నోటి పూత ఇంకా పూర్తిగా తగ్గనందువల్ల ఆ నవ్వుకు నొప్పి పుట్టి దవడ పట్టుకున్నారు.

"రత్నం, నా మేనల్లుడు ఉత్త అల్లరోడేనే," అన్నారు.

అప్పుడు ఆవిడ ఏడ్చారు. ఆయన మంచం అంచుకు జరిగి చెల్లెలి తల తన భుజానికి ఆనించుకున్నారు. నేను లేపనం డబ్బా మూత తీసి పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆయన కుడిచెయ్యి నా వైపు చాపారు. రాశాను. ఎడమచేతికి రాయబోతే వెనక్కి తీసుకున్నారు.

"దీనికి సాయంత్రం రాద్దురు గానండి," అన్నారు. "కాసేపు ఉండనియ్యండి."